మొదటి పంక్తిలో దేవుడు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అఫిడవిట్ అవసరం పడి జిరాక్స్ సెంటర్‌కి వెళ్ళాను. ఆధార్ కార్డులో నా ఇంటిపేరు ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉంది. ఇరవై ఏళ్ళ పైన కోర్టు గోడ వారన టైపు మిషను పెట్టుకుని లోకంలో వాళ్ళందరి పేర్లూ సరిచేసినవాణ్ణి, చివరికి నా పేరు సరిచేయించుకోవడానికి వరుసలో నిలబడ్డాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి నా పేరు, నాన్న పేరు, అడ్రసు అడిగింది. పాత ఫైలు తెరిచి, అందులో ఎవరిదో పేరు చెరిపి నాది కొట్టి, నిమిషంలో కాగితం చేతిలో పెట్టింది. "దైవసాక్షిగా ప్రమాణం చేసి చెప్పునది ఏమనగా" అని మొదలైంది అది.

"అమ్మా, అడగవా?" అన్నాను.

"ఏం అడగాలె అంకుల్?"

"దేవుడి మీదా, మనసు మీదా అని."

ఆ పిల్ల నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. "ఫార్మాట్ అంతే అంకుల్. నెక్స్ట్ ఎవరండీ?" అంది.

సంతకం పెట్టి బయటికొచ్చాను. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. ఆ ప్రశ్న అడిగే మనిషి పోయి మూడేళ్ళయింది. ఇన్నాళ్ళలో ఆయన గురించి నేను ఎవరి దగ్గరా ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఎల్‌బీ నగర్‌లో కోర్టు ప్రహరీ బయట రేకుల పంచ కింద మూడు టేబుళ్ళు వరసగా ఉండేవి. ఆ చివర స్టాంపు పేపర్లు అమ్మే చాచా, మధ్యలో ఆయన, ఈ చివర నేను. ఆయన పేరు చెప్పను. తన గురించి ఎవరైనా కాగితం మీద ఏదైనా రాస్తే చదివి వినిపించమనే మనిషి ఆయన. ఇప్పుడు వినిపించే దారి లేదు కాబట్టి పేరు లేకుండానే రాస్తున్నాను. ఆయనది భువనగిరి దగ్గర పల్లె. మాది కృష్ణా జిల్లా. నేను మిషను దించుకున్న మొదటి రోజే "ఏ ఊరు తమ్మీ?" అని అడిగాడు. చెప్పాను. "ఓహో, నీళ్ళున్నోళ్ళు" అన్నాడు. నా సీసాలో నీళ్ళు అయిపోయినప్పుడల్లా తన సీసా జరిపి "తాగు, మా దిక్కు నీళ్ళు గూడ తియ్యగనే ఉంటయ్" అని ఎత్తిపొడిచేవాడు.

అఫిడవిట్ కోసం ఎవరైనా వచ్చి కూర్చుంటే, ఆయన మూడు కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, అంచులు సమంగా తట్టి మిషన్‌లోకి ఎక్కించేవాడు. ఎక్కించాక చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, "దేవుని మీదనా, మనసు మీదనా?" అని అడిగేవాడు.

వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు.

"చట్టంల రెండు తీర్ల ఉన్నది. దేవుడు సాక్షి అని ప్రమాణం చెయ్యొచ్చు. దేవుడొద్దు, నా మనసే సాక్షి అని సుత చెయ్యొచ్చు. నీకేది కావాలె?"

"ఏదైతేంది సార్, జల్ది కొట్టుండ్రి. లోపల పిలుస్తున్నరు."

"ఏదైతేంది అంటే ఎట్ల? ప్రమాణం నువ్వు చేస్తున్నవా, నేను చేస్తున్ననా?"

జవాబు వచ్చేదాకా ఆ చేతులు ఒళ్ళోంచి లేచేవి కావు. కొట్టడం అయ్యాక ఇంకో తంతు ఉండేది. చదివి వినిపించి అర్థం చెప్పగా విని, నిజమని ఒప్పుకున్నానని అఫిడవిట్ చివర ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్క ప్రతి టైపిస్టూ కొడతాడు కానీ చదివి వినిపించినవాణ్ణి నేను చూడలేదు. నేనైతే ఒక్కనాడూ వినిపించలేదు. ఆయన మాత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేవాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "నిజమేనా?" అనేవాడు. ఒకసారి ఒక పెద్దమనిషి, తనకు తోబుట్టువులెవరూ లేరని రాయించుకుని, ఆ ప్రశ్న విని, కాసేపు బస్సుల వంక చూసి, సంతకం పెట్టకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"మన పని టైపు కొట్టడం అన్నగారూ, తీర్పు చెప్పడం కాదు" అన్నాను.

"నేనేం తీర్పు చెప్పిన తమ్మీ? నిజమేనా అని అడిగిన. గంతే గద."

తొందరున్నవాళ్ళందరూ నా టేబుల్‌కి వచ్చేవాళ్ళు. ఆయన చాదస్తం పుణ్యమా అని నా ఇల్లు గడిచింది. ఆ మాట ఆయనతో అంటే పగలబడి నవ్వేవాడు.

ఇదంతా చూసి ఆయనకు దేవుడంటే పడదనుకుంటే పొరపాటు. శనివారం ఒక్కపొద్దు. నెలనెలా స్వాతి నక్షత్రం నాడు మధ్య టేబుల్ ఖాళీగా ఉండేది. ఆ రోజు యాదగిరిగుట్టకు పోయి, గుట్ట చుట్టూ చెప్పుల్లేకుండా తిరిగొచ్చేవాడు. మర్నాడు పులిహోర పొట్లం విప్పి చాచాకూ నాకూ పెట్టేవాడు. చాచా బిస్మిల్లా అనుకుని తినేవాడు, నేను కళ్ళకద్దుకుని తినేవాణ్ణి. నా టేబుల్ మీద కనకదుర్గమ్మ పటం ఉండేది. ఆయన టేబుల్ మీద మాత్రం ఏ పటమూ ఉండేది కాదు. ఇంత భక్తి ఉన్నవాడివి ఒక్క పటమైనా పెట్టుకోవేమని అడిగాను.

"పని కాడ దేవుణ్ణి కూసోబెట్టొద్దు తమ్మీ. ఆయన ముంగట మనిషి ఇంక జోరుగ అబద్ధమాడుతడు. నేనేం చెప్పినా సైసుకుంటడని ధీమా" అన్నాడు.

వకీళ్ళు పారేసే పాత లా పత్రికల్లో ఆయన కార్బన్ కాగితాలు దాచుకునేవాడు. పని లేనప్పుడు అవే చదివేవాడు. పేజీల నిండా నీలి మరకలు. మన రాజ్యాంగం రాసిన సభలో పీఠికను దేవుడి పేరుతో మొదలుపెడదామని ఒక సభ్యుడు పట్టుబట్టాడనీ, ఓటింగు పెడితే అది వీగిపోయిందనీ అక్కడే చదివాడట. ఆ సంగతి మా ఇద్దరికీ ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు.

"అంటే దేవుడు ఓడిపోయినట్టే కదండీ?" అని నేను ఉడికించేవాణ్ణి.

"ఓడిపోలే. ఎలక్షన్ల నిలబెట్టకుండ కాపాడిండ్రు" అనేవాడు.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులొచ్చాయి. వకీళ్ళు కోర్టులు బహిష్కరించి గేటు ముందు దీక్షా శిబిరం వేశారు. షామియానా చాచా తెచ్చాడు. చాచా బామ్మర్దికి మూసారాంబాగ్‌లో టెంట్ హౌస్ ఉంది. మొదటి రోజు నుంచీ, రోజూ సాయంత్రం చివరి కుర్చీ మడిచేదాకా చాచా శిబిరంలోనే ఉండేవాడు. రోజుకు పదిమంది చొప్పున పూలదండలు వేసుకుని కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం, మధ్యలో మైకు, డప్పు. మధ్య టేబుల్ ఆయన కూడా రెండుసార్లు దీక్షలో కూర్చున్నాడు. పని లేదు కాబట్టి నేను నా టేబుల్ దగ్గరే, పిలవని పెళ్ళికొచ్చినవాడిలా కూర్చునేవాణ్ణి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. రమ్మని కూడా అనలేదు. ఆయన మాత్రం నిమ్మరసం గ్లాసు ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, "ఉపాసం లేకున్నా తాగొచ్చు, కేసేం కాదు" అనేవాడు.

శిబిరం నడిపేది ఒక చిన్న వకీలు. కోదాడ దిక్కువాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, చురుకైన మనిషి, మాట్లాడితే జనం నిలబడిపోయేవాళ్ళు. అతనికి ఒక ఆలోచన వచ్చింది. రోజూ పాటలతో మొదలుపెట్టే బదులు అందరూ లేచి నిలబడి ఒక ప్రతిజ్ఞ చెయ్యాలి. దాని కింద కోర్టు ఆవరణలో పనిచేసేవాళ్ళందరూ, వకీళ్ళు, గుమాస్తాలు, టైపిస్టులు, క్యాంటీనువాళ్ళు, సంతకాలు చెయ్యాలి. ఒక ప్రతి ఢిల్లీకి పోతుంది. సంతకాలు చేసినవాళ్ళ పేర్లు ఫ్లెక్సీ మీద వేసి గేటు పక్కన కడతారు. ప్రతిజ్ఞ టైపు కొట్టే పని సహజంగానే మధ్య టేబుల్‌కి వచ్చింది.

చిన్న వకీలు చెప్పిన మొదటి పంక్తి, "శ్రీ యాదగిరి లక్ష్మీనరసింహస్వామి సాక్షిగా" అని.

ఆయన చేతులు ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. "వకీల్ సాబ్, నువ్వు గుళ్ళె అడుగు పెట్టంగ నేనెన్నడు చూడలే. నీకెందుకు స్వామి?" అన్నాడు.

"నాకు కాదు కాకా, జనానికి. నేను నమ్ముతనా లేదా అన్నది కాదు ముచ్చట. బతుకమ్మ లేకుంట, బోనం లేకుంట ఉద్యమం ఇంతదూరం వస్తుండెనా? దేవుని పేరు చెప్తే ముసలమ్మ సుత లేసి నిలబడ్తది. ఆర్టికలు నంబరు చెప్తే ఎవడు నిలబడ్తడు?"

అతని మాటలో నిజం లేకపోలేదు. నేనే ఒప్పుకున్నాను లోపల. ఆయన కూడా తలాడించాడు.

"బతుకమ్మ ఆడుండ్రి. బోనమెత్తుండ్రి. నా భార్య ఎత్తుతది, నేను ముంగట నడుస్త. అది పండుగ. ఇది కాయిదం. కాయిదం మీద సాక్షి అంటే, రేపు మాట తప్పితే గల్ల పట్టి అడగనీకి దొరకాలె. స్వామిని సాక్షి పెడ్తే ఎవల్ని అడుగుతవ్? రాష్ట్రం ఆగమైతే ఆయన మీదికి నూకి ఇంటికి పోతరు. నేను రోజు చూస్తున్న గద సాబ్, గీ కుర్సీల కూసోని దేవుని మీద ప్రమాణం చేసి ఎన్ని అబద్ధాలు కొట్టించిండ్రో."

"భక్తుడవై ఉండి నువ్వే స్వామిని వద్దంటున్నవ్" అన్నాడు చిన్న వకీలు, నవ్వుతూనే.

"భక్తుణ్ణి కాబట్టే. మనం చేసే పనికి మనమే పూచీ ఉండాలె. దేశం సుత గట్లనే మొదలైంది. 'భారత ప్రజలమైన మేము' అన్నరు. ఇంకెవలి పేరు పెట్టలే."

ఆ రోజు శిబిరంలో ఇదే వాదన. చేతులెత్తిస్తే ఆయన మాటే నెగ్గింది. చాచా అందరికంటే ముందు చెయ్యెత్తాడు. సంబరం పట్టలేక ఆయన మా ఇద్దరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఆ సాయంత్రమంతా పాత లా పత్రికలోంచి ఆ ఓటింగు కథ మళ్ళీ మొదలుపెట్టి చెప్పాడు. మేమిద్దరం కొత్తగా వింటున్నట్టు విన్నాం.

మర్నాడు చిన్న వకీలు కొత్త పంక్తి తెచ్చాడు. "మేము అంటే ఎవలో చెప్పాలె గద కాకా. నువ్వే అంటివి, పూచీ ఉండాలె అని. 'తెలంగాణ గడ్డ మీద పుట్టిన మేము' అని కొట్టు." చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మిషను రిబ్బన్ సర్దుకుంటున్న నాకు ఆ చప్పట్లు వినపడ్డాయి. దేవుడు ఉన్నప్పుడు నేను కూడా ఆ కాగితంలో ఉన్నాను. నరసింహస్వామికి నేను మొక్కుకున్నాను, మా పెద్దమ్మాయి పుట్టెంట్రుకలు అక్కడే తీయించాను. నువ్వెక్కడ పుట్టావని స్వామి అడగలేదు. దేవుడు పోయి 'మేము' రాగానే నేను బయటపడ్డాను. నిన్న గెలిచిన వాదనే ఇవాళ నన్ను గెంటేసింది, ఎంత విడ్డూరం! ఆ జాబితాలో లేనివాడి టేబుల్ గోడ వారన ఎందుకని క్యాంటీన్‌లో ఎవరో అన్నారట. ముఖాన ఎవరూ అనలేదు. అయినా భయమేసింది. అది నేను ఇరవై ఏళ్ళు కూర్చున్న చోటు, ఇద్దరు పిల్లల్ని చదివించిన చోటు. ఆ కాగితం మీద నా సంతకం ఉంటుందా ఉండదా అన్నదే ఆ రోజంతా నా ప్రాణం మీదికి వచ్చి కూర్చుంది.

చిన్న వకీలు నా దగ్గరికొచ్చి మర్యాదగానే చెప్పాడు. "మీ మీద కోపం లేదు సర్. మీరు మంచోళ్ళు. కానీ కాయిదం కాయిదమే."

"అలాగేనండీ" అన్నాను. ఇంకేమంటాను?

ఆయన ఏమీ వాదించలేదు. చెప్పినట్టే కొట్టాడు. కాగితం తీసి, మైకు దగ్గరికి నడిచి, అలవాటు ప్రకారం మొత్తం చదివి వినిపించాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చిన్న వకీలును చూశాడు.

"నిజమేనా?"

"ఏంది కాకా?"

"సంతకం పెట్టేముందు అడుగుత గద. తెలంగాణ గడ్డ మీద పుట్టిన మేము అన్నవ్. నిజమేనా? నువ్వేడ పుట్టినవ్?"

"మాది కోదాడ పక్కకే కాకా, నీకెరికే గద."

"ఊరు అడగలే. పుట్టిందేడ?"

చిన్న వకీలు మొహం మీద నవ్వు కొంచెం తగ్గింది. "అమ్మమ్మ ఇంట్ల."

"అమ్మమ్మది ఏ ఊరు?"

అతను మైకుకి దూరంగా జరిగి ఏదో గొణిగాడు. వెనకనుంచి అతని సొంత ఊరివాడే అరిచాడు, "జగ్గయ్యపేట అవుతల కాకా! కృష్ణా జిల్లా!"

శిబిరమంతా గొల్లుమంది. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోవడం మనందరి ఇళ్ళల్లో ఉన్న ఆనవాయితీ. సరిహద్దు ఊళ్ళల్లో పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ అటూ ఇటూనే. ప్రతిజ్ఞ రాసినవాళ్ళకు ఆ సంగతే తట్టలేదు. ఆయన ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాడు. గుమాస్తా ఒకడు బీదర్‌లో పుట్టాడు. క్యాంటీను యజమాని షోలాపూర్‌లో పుట్టాడు. ఒక పెద్ద వకీలు కృష్ణా జిల్లా నందిగామలో పుట్టానని చెప్పలేక చెప్పలేక చెప్పాడు. చాచా వంతు వచ్చేసరికి "నేను సైదాబాద్ భాయ్, పక్కా!" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. అందరూ ఈలలు వేశారు.

"అబద్ధం కాయిదం ఢిల్లీకి పంపుతమా? 'పుట్టిన' తీసి 'బతుకుతున్న' అని పెడుదాం. అయిపాయె" అన్నాడు ఆయన.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. కానీ అంతమంది ముందు నవ్వులపాలైన చిన్న వకీలుకి ఒళ్ళు మండింది. "బతుకుతున్న అంటే ఇగ అందరొస్తరు. మన నౌకరీలు తిన్నోళ్ళు గూడ బతుకుతనే ఉన్నరు గద! గప్పుడు ఇదంత ఎందుకు?" అన్నాడు. సగం మంది అతని వైపు, సగం మంది ఆయన వైపు. మాటలు పెరిగాయి. ఒకరిద్దరు దండలు తీసి కుర్చీల మీద పడేశారు. శిబిరం చీలిపోతుందేమో అనిపించింది. అప్పుడు ఆ నందిగామలో పుట్టిన పెద్ద వకీలు లేచి రెండు చేతులూ ఊపాడు.

"లొల్లి బంద్ చెయ్యుండ్రి. పుట్టుడొద్దు, బతుకుడొద్దు. మొదలనుకున్నట్టు స్వామి పేరే పెట్టుండ్రి. స్వామి సాక్షిగ మేము, గంతే. ఎవలికీ ఇబ్బంది లేదు."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. చిన్న వకీలుకి ఇది పరువు దక్కే దారి. నాకూ అదే దారి. ఆయన ఒక్కడే వెనక్కొచ్చి మిషను ముందు కూర్చున్నాడు. చిన్న వకీలు ఆయన టేబుల్ దగ్గరికొచ్చి, అందరికీ వినపడేట్టు అన్నాడు.

"నీ ఇష్టం కాకా. స్వామి పేరు కొడ్తే నీ పక్క టేబులాయన గూడ లోపలికొస్తడు. వద్దంటవా, 'పుట్టిన' అనే ఉంటది, అబద్ధమైతే అబద్ధం. ఏది కొడ్తవో కొట్టు."

ఆయన కొత్త కాగితాలు ఎక్కించాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నా వంక చూశాడు. నేను నా మిషను రిబ్బన్ వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన అటు తిరిగి చాచా వంక చూశాడు. ఎవరో అన్నారు, "చాచాకేం అభ్యంతరం ఉంటది? చాచా మన మనిషే."

"అరె, నాకేం తక్లీఫ్ లేదు భాయ్. రాసుకోండ్రి" అన్నాడు చాచా నవ్వుతూ.

చాలాసేపటికి ఆయన వేళ్ళు కదిలాయి. 'శ్రీ' అన్న అక్షరం పడిన చప్పుడు నాకు వినపడింది. నా గుండె మీదనుంచి బరువు దిగింది. ఆ క్షణాన నాకు చాచా గుర్తు లేడు.

ఆ కాగితాన్ని ఆయన చదివి వినిపించలేదు. తీసి చిన్న వకీలు చేతికిచ్చాడు. వరుసగా సంతకాలు మొదలయ్యాయి. నన్ను పేరు పెట్టి పిలిచారు. నేను లేచి వెళ్ళి, అందరికంటే చక్కని దస్తూరీతో సంతకం పెట్టాను. ఎవరో భుజం తట్టారు. నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. చాచాని పిలిస్తే నమాజుకు వేళయిందని, వచ్చి పెడతానని వెళ్ళాడు. వచ్చాడు కానీ శిబిరంలోకి రాలేదు. తన టేబుల్ దగ్గరే కూర్చుని స్టాంపు పేపర్లు సర్దుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. షామియానా మాత్రం తీసుకుపోలేదు. ఆయన కూడా సంతకం పెట్టలేదు. "చాచా పెట్టినంక పెడ్త" అన్నాడు. ఉద్యమం హడావిడిలో ఆ రెండు సంతకాల గురించి మళ్ళీ అడిగినవాళ్ళు లేరు.

పొద్దున్నే అందరూ లేచి నిలబడి స్వామి పేరుతో ప్రతిజ్ఞ చేసేవాళ్ళు. నేనూ వాళ్ళ మధ్య నిలబడి గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ తర్వాత కోర్టులు తెరిచారు, పని మళ్ళీ మొదలైంది. ఆయన టేబుల్ ముందు ఎవరో కూర్చున్నారు. కాగితాలు ఎక్కించడం, కార్బన్లు సర్దడం చూస్తున్నాను. ప్రశ్న వస్తుందని చూస్తే రాలేదు. ఏమీ అడగకుండా టకటకా కొట్టి ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి ఆయన ఎవరినీ అడగలేదు. చాచా ఏడాది తిరగకుండానే స్టాంపుల లైసెన్సు వదులుకుని ఇంటిపట్టున ఉండిపోయాడు. వయసైపోయిందన్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు మధ్య టేబుల్ ఆయన స్వీట్ల డబ్బా పట్టుకుని మూసారాంబాగ్‌లో చాచా ఇంటికి వెళ్ళొచ్చాడని తెలిసింది. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తానని అనలేదు.

చివరిసారి ఆయన్ని సరూర్‌నగర్‌లో వాళ్ళింట్లో చూశాను. అప్పటికి నేను మిషను అమ్మేసి మలక్‌పేటలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆయనకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు దవాఖానకు పోయి వస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. చాచా ఎలా ఉన్నాడని అడిగితే, బాగానే ఉన్నాడనీ, మూసారాంబాగ్ మెట్రో మెట్లు దిగితే రెండో గల్లీయేననీ చెప్పాడు. కాసేపు పాత వకీళ్ళ గురించి, వాళ్ళ తిట్ల గురించి మాట్లాడుకుని నవ్వుకున్నాం. లేవబోతూ, ఇన్నేళ్ళు గొంతులో ఉన్నది బయటపెట్టాను.

"అన్నగారూ, ఆ రోజు నేను నోరు తెరవాల్సింది. నా గురించి వదిలెయ్యండి, దేవుడి పేరు వద్దు అనాల్సింది."

"నువ్వనవని నాకెరికే తమ్మీ" అన్నాడు.

అందులో కోపం లేదు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

"చాచా సుత ఏమనడని ఎరికే. ఇద్దరు ఏమననోళ్ళే. నేనేది కొట్టినా ఒకలు బయట పడ్తరు. నువ్వు భయపడ్డవని నీ మొకంల కనిపించింది. చాచా నవ్విండు. నవ్వినోణ్ణి ఇడిచిపెట్టిన." ఊపిరి అందక ఆగాడు. "రాష్ట్రం గట్ల మొకాలు చూసి కట్టొద్దని ఊరందరికి చెప్పినోణ్ణి నేనే గద."

వాళ్ళావిడ టీ తెచ్చింది. తాగాను. జాగ్రత్తగా ఉండమని చెప్పి వచ్చేశాను. ఆ నెలలోనే ఆయన పోయాడు.

మొన్న ఆ అఫిడవిట్ జేబులో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. కూర్చోవడానికి సీటు దొరికింది. తర్వాతి స్టేషను మూసారాంబాగ్ అని తెలుగులో, ఉర్దూ కలిసిన హిందీలో, ఇంగ్లీషులో చెప్పారు. తలుపులు తెరుచుకున్నాయి. నేను లేవలేదు.